ఒడ్డుకూ ఓడకూ నడుమ

సూరత్ అనగానే మన వారికి జరీ అంచు చీరలు, వజ్రాల సానపట్టు పని, లింబాయత్ పేటలో మగ్గాల చప్పుడు నడుమ వినవచ్చే తెలంగాణ మాట జ్ఞప్తికి వస్తాయి. నగరానికి పడమరగా, తాపీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న హజీరా పేరు చెబితే కర్మాగారాలు తప్ప మరేమీ తోచదు. ఆ హజీరా నుండి కారుతో సహా ఓడ ఎక్కి, ఖంభాత్ సింధుశాఖను దాటి సౌరాష్ట్రంలో దిగవచ్చునన్న సంగతి మన కాలనీలో చాలామందికి తెలిసినదే. నడవలేనివారు ఆ ఓడ ఎక్కడమెట్లా అన్న ప్రశ్న మాత్రం మాకు మా ఇంటి అవసరం వలననే ఎదురైనది. ఆ ప్రశ్న వెంట పోగా తెలిసిన విషయాలను, ఒక సొంత తప్పిదంతో సహా, పాఠక మిత్రులతో పంచుకోవలెనని ఈ వ్యాసం.

ముందుగా ఓడ సంగతి. ఈ సింధుశాఖకు అడ్డంగా 2017 అక్టోబరు 22న ఘోఘా–దహేజ్ ఫెర్రీ సర్వీసు తొలి దశ ప్రారంభమైనది. దహేజ్ వైపు మేట వేసి, ఓడకు చాలినంత లోతు లేకపోవడం వలన ఆ మార్గం సాగలేదు. తరువాత 2020 నవంబరు 8న హజీరా–ఘోఘా మార్గం ఆరంభమైనది. రోడ్డున 370 కిలోమీటర్లు ఉండే దూరం సముద్రంపై 90 కిలోమీటర్లకు తగ్గినది. పది పన్నెండు గంటల ప్రయాణం నాలుగు గంటలయినది. ఆ నాడు ఈ మార్గంలో ప్రవేశపెట్టిన 'వాయేజ్ సింఫనీ' మూడు అంతస్తుల నౌక. ప్రధాన డెక్కుపై 30 లారీలు, దాని పై డెక్కుపై 100 కార్లు, ఆపైన 500 మంది ప్రయాణికులు. ఈ అంతస్తుల వరుసను పాఠకులు గుర్తుంచుకోవలెను. మా కథకు అది ముఖ్యం. 2021 మార్చి 31న హజీరా నుండి డయ్యూకు విహార నౌకను కూడా ప్రారంభించారు. సూరత్ వాసులకు సముద్ర విహారం అప్పటినుండి కొత్త మాట కాదు.

మా మాతృమూర్తికి ఎనభయ్యవ ఏడు. కాకినాడ వాస్తవ్యురాలు. మూడేళ్ల క్రిందట స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగినది. శస్త్రచికిత్స అయిన పిమ్మట చేతికర్ర సాయంతో ఇంట్లో పది అడుగులు వేయగలరు. గడప దాటితే చక్రాల కుర్చీ తప్పదు. ఆమెకు మిగిలిన కోరిక సోమనాథ దర్శనం. సూరత్ నుండి సోమనాథ్‌కు రోడ్డు మార్గమంతా కారులో కూర్చోవడం ఆ తుంటికి అసాధ్యం. ఓడలో ఘోఘా చేరి, భావనగర్‌లో రాత్రి విశ్రమించి, మరునాడు బయలుదేరితే సాధ్యమే. కాని ఓడ మాట ఎత్తితే ఆమె ముఖం తిప్పుకొనేవారు. దానికి కారణం ఉన్నది.

రెండేళ్ల క్రిందట సెలవులలో మేము వేరొక రాష్ట్రంలో, పేరు ఇక్కడ అవసరం లేని ఒక రేవులో, విహార నౌక ఎక్కాము. టిక్కెట్టు కొన్ననాడు 'వృద్ధులకు సహాయం కలదు' అని చెప్పారు. రేవుకు వెళ్లి చూస్తే సహాయమంటే నలుగురు కూలీలు. ఆటు సమయం కావడం వలన ఓడ గట్టుకంటే బాగా దిగువన ఉన్నది. పాచిపట్టిన మెట్లు. నలుగురూ నాలుగు మూలలా పట్టి కుర్చీని లేవనెత్తారు. ఒకతను పాదపీఠాన్ని పట్టుకొన్నాడు. మడత కుర్చీలలో అది ఊడదీసే భాగం. ఊడి చేతిలోకి వచ్చినది. కుర్చీ ముందుకు ఒరిగినది. మా శ్రీమతి అత్తగారి భుజాలను వెనుకనుండి గట్టిగా పట్టుకొని ఉండబట్టి సరిపోయినది. చుట్టూ ఉన్నవారు 'జాగ్రత్త, జాగ్రత్త' అని కేకలు వేశారు. ఆమె మాత్రం నోరు మెదపలేదు.

ఓడలో ఉన్న మూడు గంటలూ ఆమె గుక్కెడు నీరు తాగలేదు. ఎండలో ఉన్నారు కదా, మజ్జిగ తీసుకోండని కోడలు ఎంత బతిమాలినా వద్దన్నారు. ఎందుకో ఇంటికి వచ్చాకగాని తెలియలేదు. ఓడలోకి దింపుతున్నప్పుడే ఆమె మరుగుదొడ్డి తలుపును చూశారట. అది కుర్చీకంటే ఇరుకు. దాని ముందు జానెడు ఎత్తు గట్టు. 'నన్ను బియ్యం మూట దించినట్టు దించారురా నాయనా. ఇక ఓడలొద్దు, ఏవీ వద్దు' అన్నారు. ఆ తరువాత రెండేళ్లు ఆస్పత్రికి తప్ప ఎక్కడికీ కదలలేదు.

ఇంజనీరుగా మాకు మొదట తోచినది ఆ కూలీలను తప్పుపట్టడం. ఆలోచించగా వారి తప్పు ఏమీ కనబడలేదు. వారికి ఎవరూ నేర్పలేదు. అసలు ఎత్తవలసిన అవసరం ఎందుకు వచ్చినదన్నది ప్రశ్న.

నడవలేని ప్రయాణికునికి సముద్రం అడ్డు కాదు. ఓడ ఎక్కిన పిదప కుర్చీలో కూర్చున్నవారూ, బల్లపై కూర్చున్నవారూ ఒకటే. కష్టమంతా ఒడ్డుకూ ఓడకూ నడుమ ఉన్న కొద్ది గజాలలో ఉన్నది. ఇది నేటి సమస్య కూడా కాదు. తాపీ నదిలో ఇసుక మేటల వలన పెద్ద ఓడలు సూరత్ వరకు రాలేక, హజీరాకు చేరువనే ఉన్న సువాలీ వద్ద ఆగేవి. జనాన్నీ సరుకునూ పడవలలో చేర్చవలసి వచ్చేది. 1644లో షాజహాన్ కాలంలో హజ్ యాత్రికుల కోసం కట్టిన మొగల్ సరాయి నేడు సూరత్ నగరపాలక సంస్థ కార్యాలయం. ఆ సరాయిలో బస చేసి మక్కాకు బయలుదేరిన ముదుసలులు ఓడలోకి ఎట్లా ఎక్కారో ఊహించుకొనవలసినదే. మా అమ్మగారి అమ్మమ్మ కాకినాడ నుండి రంగూన్ వెళ్లినవారు. ఓడ దూరాన సముద్రంలో లంగరు వేసి ఉండగా, పడవలో వెళ్లి, అలకు పడవ పైకి లేచిన క్షణాన నిచ్చెన అందుకొనవలెనట. కాలు కుంటివారు ఏం చేసేవారని మేము అడిగితే, 'వాళ్లు రంగూన్ వెళ్లేవారు కారురా' అన్నారు అమ్మగారు.

ఖంభాత్ సింధుశాఖలో ఈ కొద్ది గజాల కష్టం మరింత హెచ్చు. ప్రపంచంలోని మిక్కిలి ఎత్తైన పోటులలో ఇక్కడిది ఒకటి. గరాటు ఆకారంలో ఉన్న సింధుశాఖలోకి చొచ్చుకువచ్చిన నీరు పక్కకు పోలేక పైకి లేస్తుంది. భావనగర్, ఘోఘా ప్రాంతంలో పెద్ద పోటునాడు ఆటుకూ పోటుకూ పది మీటర్ల వరకు తేడా ఉంటుంది. అంటే మూడంతస్తుల మేడ ఎత్తు. ఈ తేడా వలననే అలంగ్ వద్ద మహానౌకలను పోటునాడు తీరానికి ఎక్కించి, విరగగొట్టగలుగుతున్నారు. కోలియాక్ వద్ద నిష్కళంక మహాదేవుని శివలింగాలకు ఆటు సమయంలో సముద్రపు నేలమీద నడిచి వెళ్లగలుగుతున్నారు. అమ్మగారికి ఆ సంగతి చెబితే 'అది మనకు కాదులే' అన్నారు.

ఇక లెక్క. చక్రాల కుర్చీ కోసం కట్టే వాలుదారికి మన దేశంలో ఆమోదించిన వాలు పన్నెండుకు ఒకటి. అంటే ఒక మీటరు ఎత్తుకు పన్నెండు మీటర్ల పొడవు. పది మీటర్ల తేడాకు 120 మీటర్ల వాలుదారి కావలెను. ఘోఘా వద్ద ఏర్పరచిన లింక్‌స్పాన్ పొడవు 96 మీటర్లు, బరువు సుమారు 500 టన్నులు. దాని ఒక కొస గట్టుమీద, రెండవ కొస నీటితోబాటు లేచి దిగే తేలుడు పాంటూన్‌మీద ఉంటుంది. ఓడ తన తలుపును ఆ పాంటూన్‌మీదికి వాలుస్తుంది. నీరు ఎంత లేచినా పాంటూనూ ఓడా కలిసే లేస్తాయి కనుక వాటి నడుమ అగాధం ఏర్పడదు. మెట్లతో పని లేదు. లారీల కోసం కనిపెట్టిన ఈ ఏర్పాటే కుర్చీకి వరప్రసాదం.

అయితే పది మీటర్లూ తేడా వచ్చిననాడు 96 మీటర్ల వంతెన వాలు సుమారు పదికి ఒకటి అవుతుంది. లారీకి ఇది లెక్కలోనిది కాదు. కుర్చీ తోసేవారికి లెక్కే. మనిషీ కుర్చీ కలిసి 72 కిలోలు అనుకొంటే, పన్నెండుకు ఒకటి వాలులో వెనుకనుండి ఆరు కిలోల బలంతో తోయవలెను. ఎనిమిదికి ఒకటి అయితే తొమ్మిది కిలోలు. విహార నౌకల నిచ్చెన వంతెనలు ఆటు సమయంలో నాలుగుకు ఒకటి వరకు వాలుతాయి. అప్పుడు సుమారు పదిహేడు కిలోలు. అది కూడా తడిసిన ఇనుప పలకమీద, ఓడ ఊగుతుండగా. ఒక్క మనిషి వల్ల కాదు. అక్కడ ఎత్తడం మొదలవుతుంది.

కారుతో ఓడ ఎక్కేవారికి ఈ బాధ తప్పుతుంది. కారు సీటులో కూర్చున్నవారికి వాలుతో నిమిత్తం లేదు. కాని కొన్ని ఫెర్రీలలో ఓడ ఎక్కేటప్పుడు డ్రైవరు తప్ప ఎవరూ కారులో ఉండరాదన్న నియమం ఉంటుంది. దానినుండి మినహాయింపును ముందుగానే అడగవలెను. తరువాతిది అంతస్తుల సమస్య. కార్ల డెక్కు క్రింద, కూర్చునే చోటు పైన. నడుమ లిఫ్టు ఉన్నదా, ఉంటే దాని తలుపు వెడల్పు ఎంత, కారును దాని దగ్గర నిలుపుతారా? ఈ మూడు ప్రశ్నలూ టిక్కెట్టుకు ముందే అడగదగినవి. ఇక ఓడ తలుపుల గట్టు. డెక్కుమీద చేరిన కెరటపు నీరు లోపలికి రాకుండా బయటి తలుపులకు 380 మిల్లీమీటర్ల వరకు, కొన్ని చోట్ల అంతకు మించి, గట్టు ఉండవలెనని అంతర్జాతీయ నియమం. అది ప్రాణరక్షణకు పెట్టినది, తీసివేయమనడం తగదు. రెండు వైపులా వాలుపలకలు వేయవచ్చును. లోపలి మరుగుదొడ్డికి మాత్రం అంత గట్టు అవసరమే లేదు; అది కేవలం అలవాటు కొద్దీ వచ్చినది.

చట్టం ఏమంటున్నదని వెదికితే మాకు ఆశ్చర్యం కలిగినది. 1995 నాటి వికలాంగుల చట్టం 44వ సెక్షన్‌లోనే రైళ్లు, బస్సులు, విమానాలతోబాటు ఓడలను కూడా పేర్కొని, కుర్చీవారు సులభంగా ఎక్కేటట్లూ, మరుగుదొడ్డి వాడుకోగలిగేటట్లూ మార్చవలెనన్నారు. ఆర్థిక స్తోమతను బట్టి అన్న మాట కూడా చేర్చారు. ఆ చట్టం స్థానంలో 2016 చట్టం వచ్చి 2017 ఏప్రిల్ నుండి అమలైనది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ఈ సదుపాయాల ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి కావలెనని తీర్పు చెప్పినది. విదేశాలలోనూ ఇది సులభంగా రాలేదు. విదేశీ జెండాతో అమెరికా రేవులకు వచ్చే విహార నౌకలకు అక్కడి వికలాంగుల చట్టం వర్తిస్తుందా అన్న వివాదం 2005 వరకు సాగి, వర్తిస్తుందని ఆ దేశపు సుప్రీంకోర్టులో తేలినది. ఐరోపాలో 2012 డిసెంబరు నుండి, 48 గంటల ముందు తెలిపినవారికి రేవులోనూ ఓడలోనూ ఉచితంగా సహాయం చేయవలసియున్నది.

ముందుగా తెలపడం అన్నచోట మనవారు వెనుకాడుతారు. కుర్చీ సంగతి చెబితే టిక్కెట్టు ఇవ్వరేమో, అక్కడికి వెళ్లాక ఏదో విధంగా సర్దుకుందామని. మేమూ అట్లే చేసినవారమే. అంతర్జాతీయ ప్రయాణాల నౌకలకు వర్తించే సోలాస్ ఒడంబడికలో, అత్యవసర సమయంలో ప్రత్యేక సహాయం కావలెనని చెప్పుకొన్న ప్రయాణికుల వివరాలు ఓడ బయలుదేరక ముందే కెప్టెన్‌కు అందవలెనని ఉన్నది. అగ్నిప్రమాదంలో లిఫ్టు వాడరాదు. మూడవ అంతస్తులో నడవలేని మనిషి ఒకరున్నారని తెలిస్తే ఇద్దరు సిబ్బందిని ముందే నియమించగలరు. తెలియకపోతే పొగలో వెదకవలసి వస్తుంది. మన కర్మాగారంలో గేటు దగ్గర హాజరు పలకం ఎందుకు పెడతామో తెలిసినవారికి ఇది వివరించనక్కరలేదు.

సహాయం చేసేవారికి నాలుగు మాటలు, మాకు ఫిజియోథెరపిస్టు నేర్పినవి. ముందు కూర్చున్నవారిని అడగవలెను, పక్కవారిని కాదు. 'ఈవిడ ఎక్కడ కూర్చుంటారు?' అని కోడలిని అడిగితే అమ్మగారికి ఎంత కోపం వచ్చేదో మాకు తెలుసును. వాలు దిగేటప్పుడు కుర్చీని వెనుకకు తిప్పి, తోసేవారు క్రిందివైపు ఉండి, మెల్లగా దింపవలెను. ముందుకు దింపితే మనిషి జారతారు. తప్పనిసరి అయి ఎత్తవలసి వస్తే గట్టి చట్రాన్ని పట్టాలి. చేతిపీఠాన్ని, పాదపీఠాన్ని పట్టరాదు. జాలీ పలకలమీద ముందు చిన్నచక్రాలు ఇరుక్కుంటాయి, వాటిని కాస్త లేపి దాటించవలెను. ఓడలో కుర్చీకి బ్రేకు వేయడంతోబాటు నడుముకు పట్టీ కట్టడం మేలు.

ఇప్పుడు సొంత తప్పిదం. మన కాలనీ క్లబ్బు భవనానికి ముందువైపు మూడు మెట్లు ఉన్నవి. ఒక్కొక్కటి 150 మిల్లీమీటర్లు, వెరసి 450. పక్కన గులాబీల మడి. ఈ ఏటి ఉగాదినాడు అమ్మగారిని తీసుకువెళ్లగా కుర్రవాళ్లు నలుగురు 'పదండి బామ్మగారూ, ఎత్తేస్తాం' అని ముందుకు వచ్చారు. ఆమె చేయి అడ్డం పెట్టారు. బయట వేపచెట్టు క్రింద కూర్చున్నారు. పచ్చడి అక్కడికే పంపారు. పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం మైకులో విన్నారు. తిరిగివచ్చేటప్పుడు 'ఆ మెట్లు ఎవరు కట్టారురా?' అని అడిగారు. మేము మాట మార్చాము.

ఆ డ్రాయింగు మాది. 1996లో, సివిల్ విభాగంలో కొత్తగా చేరిన రోజులలో గీసినది. పైన చెప్పిన 1995 చట్టం అమలులోకి వచ్చినది 1996 ఫిబ్రవరిలో. మాకు ఆ చట్టం పేరు తెలియదు, పైఅధికారులెవరూ అడగలేదు, మూడు మెట్లు, గులాబీలు చూడటానికి బాగున్నవని మెచ్చుకొన్నారు. 450 మిల్లీమీటర్లకు పన్నెండుకు ఒకటి చొప్పున 5.4 మీటర్ల వాలుదారి చాలు. గులాబీల మడి పొడవు ఏడు మీటర్లు. గత నెలలో అంచనా వ్రాసి సమర్పించాము. మంజూరు ఇంకా రావలసియున్నది. మడి పోతుందని తోటపని కమిటీవారి అభ్యంతరం ఒకటి వచ్చినది. దానికి జవాబు ఇచ్చాము.

మెట్ల సంగతి అమ్మగారికి కూడా చివరకు చెప్పాము. కాసేపు ఊరుకొని, 'పోనీలే, అప్పుడు నాకు కాళ్లున్నాయిగా, నేనైనా ఏం గమనించాను' అన్నారు. ఆ రాత్రే సోమనాథ్ మాట ఆమే ఎత్తారు. రెండు షరతులు పెట్టారు. కుర్చీని ఎవరూ ఎత్తకూడదు; ఎత్తవలసి వస్తే అక్కడినుండే వెనుకకు తిరగాలి. మరుగుదొడ్డి తలుపు కొలత ముందే తెలియాలి.

ఆమె కుర్చీ వెడల్పు చక్రాల అంచు నుండి అంచుకు 64 సెంటీమీటర్లు. తలుపు 75 అయినా లేకపోతే తోసేవారి చేతివ్రేళ్లు నలుగుతాయి. ఈ కొలతలతో ప్రశ్నలన్నీ ఒక కాగితంమీద వ్రాసుకొని ఫెర్రీ వారిని అడిగే పనిలో ఉన్నాము. వచ్చిన సమాధానాలను ఇక్కడ వ్రాయబోము. ఏర్పాట్లు ఓడకూ ఋతువుకూ మారుతుంటాయి కనుక ఎవరి కుర్చీ కొలతతో వారే అడగడం మంచిది.

తేదీ విషయంలో మాత్రం ఇంట్లో ఒక చర్చ జరిగినది. పూర్ణిమ, అమావాస్యల సమీపంలో పోటు పెద్దది. లింక్‌స్పాన్ వాలు ఎక్కువ. అష్టమి దగ్గరపడేకొద్దీ తేడా తగ్గుతుంది. కావున అష్టమినాడు బయలుదేరుదామని మేమన్నాము. 'ప్రయాణానికి అష్టమా! నీ చదువు తగలెయ్య' అని అమ్మగారు పంచాంగం తెప్పించుకొన్నారు. మేము పోటు పట్టికను తెరిచాము. పోటు చంద్రునికంటే ఒకటి రెండు రోజులు వెనుకబడి నడుస్తుంది కనుక, అతి చిన్న పోటు అష్టమినాడు కాక తరువాత రెండు రోజులకు వస్తున్నది. నవమి ఆమెకు పనికిరాదు. దశమి ఇద్దరికీ సమ్మతమైనది. వర్షాకాలం వెళ్లాక, కార్తీక శుద్ధ దశమికి ప్రయాణం నిశ్చయించి, ఆమె పంచాంగంలో ఆ పుట మడిచి పెట్టుకొన్నారు.